పొగకొండ మీద దుప్పటి మంచు

బహ్రెయిన్‌లో మంచుకొండ ఎక్కిన మొదటి తెలుగువాణ్ని నేనే. ఒంటరిగా, వసంతకాలంలో, గొడ్డలి చేతబట్టి మరీ ఎక్కాను. ఆ ఎడారి దీవిలో మంచెక్కడిదని మీరు అడగబోతున్నారు. ఎక్కకముందు నన్ను ఎవరైనా ఆ ముక్క అడిగి ఉంటే ఒక ముసలమ్మ గుండె ఆగినంత పనయ్యేది కాదు, ఒక కుటుంబం మధ్యాహ్న భోజనం మధ్యలో ఆగేది కాదు, నా ఉద్యోగం గాలిలో ఎగిరేది కాదు. గాలిలో అని మాటవరసకి అనడం లేదు. నిజంగానే ఎగిరింది. నోరు తెరుచుకుని చూశాను.

తొంభైలనాటి మాట. అక్కడ అద్లియా అనే పేటలో ఒక లాండ్రీలో ఇస్త్రీ పని నాది. ఊరి హోటళ్ల దుప్పట్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. పెళ్లయిన ఆర్నెల్లకే పాలకొల్లు వదిలి అక్కడ పడ్డాను. మా ఆవిడ సత్యవతీ నేనూ టేపుల్లో మాట్లాడుకునేవాళ్లం. ఆవిడ మాటలు రికార్డు చేసి, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత పంపేది. నేను దుప్పటి ముసుగు పెట్టుకుని వినేవాణ్ని.

ఒకసారి ఆ టేపులో ఇలా ఉంది.

"ఏవండీ, మా బావగారికి కాశ్మీరులో డ్యూటీ పడిందండి. మంచుకొండ మీద నిలబడి ఫొటో పంపేరండి. మా అక్క దాన్ని పట్టుకుని వీధి వీధంతా తిరుగుతోందండి. మీ ఫొటోలు నేనూ చూపించేననుకోండి. అన్నిట్లోనూ మీరు ఎవరి కారుకో ఆనుకునే ఉన్నారని అందరూ నవ్వుతున్నారండి. ఒక్క మంచి ఫొటో పంపండి. మంచున్నా లేకపోయినా పర్లేదు లెండి."

చివరి వాక్యం ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. నాకు మాత్రం అందులో 'మంచు' ఒక్కటే వినిపించింది. తోడల్లుడి దగ్గర తలొంచడం కన్నా పాము నోట్లో తల పెట్టడం మేలని పెద్దలెవరూ అనలేదు గానీ, అనాల్సింది.

దేవుడు కూడా అలాంటప్పుడే సామాను సర్దిపెడతాడు. మా లాండ్రీకి వచ్చే ఒక ఇంగ్లీషు పెద్దాయన ఉండేవాడు. ఏటా వసంతంలో సెలవు పెట్టి ఎక్కడెక్కడి మంచు శిఖరాలో ఒక్కడే ఎక్కి వచ్చేవాడు. ఆ ఏడు ఆయన మోకాళ్లు అరిగిపోయాయి, దేశం వదిలి వెళ్లిపోతున్నాడు. ఉతకడానికిచ్చిన మంచు బట్టల్ని మళ్లీ తీసుకోలేదు.

"నువ్వే ఉంచుకో" అన్నాడు. పరుపు మందాన ఎర్ర కోటు, నల్లద్దాల కళ్లజోడు, ఇనుప పళ్ల బూట్లు, పొడుగాటి పిడి ఉన్న మంచు గొడ్డలి. నా మొహంలో వెలుగు చూసి ఇంకో మాట కూడా అన్నాడు. "ఒంటరిగా ఎక్కు. అప్పుడే కొండ నీతో మాట్లాడుతుంది."

అంతే, పథకం సిద్ధమైపోయింది. దీవి మధ్యలో జబల్ దుఖాన్ ఉంది. జబల్ అంటే కొండ, దుఖాన్ అంటే పొగ. అంటే పొగకొండ. అసలైన పర్వతాలు చూసినవాళ్లు దాన్ని మొటిమ అంటారేమో గానీ, మా డెల్టాలో కాలవగట్టు, గడ్డిమేటు తప్ప ఎత్తయిందేదీ ఎరగని నాకు అది కైలాసమే. కొండ ఉంది, కోటు ఉంది, లాండ్రీలో తెల్లటి దుప్పట్లు కొండంత ఉన్నాయి. ఇక మంచుకేం కరువు?

కెమెరా మా గదిలోనే ఉండే రాజన్నది. జగిత్యాల మనిషి, బిల్డింగు పని. కెమెరాను భార్య కన్నా భద్రంగా చూసుకునేవాడు.

"ఏడికి పోతున్నవే దీన్ని వట్టుకొని?" అన్నాడు.

"జబల్ దుఖానుకండి."

"దుకానా? శుక్కురారం ఏ దుకాన్ దెరుస్తరు?"

"దుకాణం కాదండి, కొండ."

"నేను గూడ వస్త తియ్. ఒక్కనివి పోయి ఏం జేస్తవ్?"

"వద్దండి. ఒంటరిగా వెళ్తేనే కొండ మాట్లాడుతుందంట."

రాజన్న నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఎండ దెబ్బ గొట్టిందా ఏందిరా నీకు? ఇంక పోనేలేదు గదా" అంటూనే, తీసేవాడు లేకపోయినా దానంతటది ఫొటో తీసే మీట ఎక్కడుందో చూపించాడు.

శుక్రవారం సెలవు కదా, పొద్దున్నే బయల్దేరాను. సంచీ నిండా దుప్పట్లే. శనివారం పొద్దున హోటలుకి చేరాల్సినవి. తాళం నా దగ్గరే ఉండేది కాబట్టి తెచ్చుకున్నాను, సాయంత్రానికి మళ్లీ మడతపెట్టి ఉంచేస్తాను, ఎవరికి తెలుస్తుంది? సంచిలో చోటు లేక కోటు ఒంటి మీదే వేసుకున్నాను. పిచ్చి కుదిరింది, గొడ్డలి నడుముకి కట్టమన్నట్టు గొడ్డలి కూడా కట్టుకున్నాను. దారిలో ఎక్కించుకున్న పికప్పు డ్రైవరు, పెషావరువాడు, చాలాసేపు అద్దంలో నన్నే చూశాడు. దింపేటప్పుడు మాత్రం ఆగలేక అడిగాడు.

"భాయ్, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఈ కోటు చలికి."

అతను కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఎండను పట్టి చూశాడు. "అల్లా నిన్ను కాపాడుగాక" అని వెళ్లిపోయాడు.

దూరపు కొండలు నునుపంటారు. ఇది దగ్గరికి వచ్చాక కూడా నున్నగానే ఉంది, కాలు పెడితే జారేలా. ఇనుప పళ్ల బూట్లు మంచులో దిగడానికి చేసినవి, రాతి మీద అవి పళ్లెం మీద గరిటెలా కీచుమంటున్నాయి. సగం ఎక్కేసరికి కోటు లోపల నేను ఆవిరి మీద ఇడ్లీలా ఉడుకుతున్నాను. విప్పుదామంటే, పర్వతారోహకుడు కోటు విప్పడం ఎక్కడైనా విన్నామా? నాలుగడుగులు, ఒక నిట్టూర్పు. నాలుగడుగులు, సత్యవతి గుర్తు. అలా పైకి చేరాను. ఇటు నూనె బావులు, అటు ఇసుక, కొండ కింద అక్కడక్కడ తెల్లటి గుడారాలు. చలి పోయి ఎండలు ముదరకముందు అక్కడి కుటుంబాలు ఎడారిలో గుడారాలు వేసుకుని సరదాగా గడుపుతాయి. చూడ్డానికి బాగుంది కదా అనుకున్నాను. ఆ గుడారాలకీ నాకూ బంధుత్వం కలుస్తుందని అప్పుడు తెలియదు.

మంచు పరవడం మొదలెట్టాను. రాళ్ల మీద దుప్పట్లు వేసి, అక్కడక్కడా ముడతలు తెచ్చి, కాశ్మీరు కన్నా బాగా తయారు చేశాను. మీద బరువు పెడితే ఫొటోలో రాళ్లు కనిపిస్తాయని, అంచులు మాత్రం రాళ్ల కిందికి దోపాను. కెమెరాను ఒక రాతి మీద నిలబెట్టి, మీట నొక్కి, పరిగెత్తుకెళ్లి, గొడ్డలి ఆకాశానికి ఎత్తి నిలబడ్డాను.

అప్పుడే ఉత్తరపు గాలి వచ్చింది.

ముందు ఒక మూల లేచింది. తర్వాత మొత్తం మంచు లేచింది. దుప్పట్లు కొంగల గుంపులాగ ఒకదాని వెంట ఒకటి కొండ దిగి వెళ్లిపోతుంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అందిన రాళ్లన్నీ ఖాళీ నేల మీద పెడుతున్నాను. కెమెరా తన పని తాను చేసింది. తర్వాత చూస్తే ఆ ఫొటోలో నా వీపూ, ఆకాశమూ ఉన్నాయి.

హోటలు దుప్పట్లు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మా మేనేజరు ఎక్కువ మాట్లాడడు. "ఖలాస్" అంటాడు, విమానం ఎక్కిస్తాడు. మంచు ఫొటో తీసుకుందామని వెళ్లి ఉద్యోగం పోగొట్టుకొచ్చానని సత్యవతికి ఏ టేపులో చెప్పను? ఆ భయం తలకెక్కగానే కెమెరా మెళ్లో తగిలించుకుని, కొండ దిగడం మానేసి దొర్లడం మొదలెట్టాను.

ఇప్పుడు కింద ఏం జరుగుతోందో చెప్పాలి. ఒక గుడారం ముందు అరబ్బు కుటుంబమంతా పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుంది. మచ్బూసు, వాళ్ల బిర్యానీ, అప్పుడే దింపారు. మొదటి దుప్పటి వచ్చి దాని మీద పరుచుకుంది. రెండోది, కాస్త అవతల వాలు కుర్చీలో కునుకు తీస్తున్న ముసలమ్మ మీద తల నుంచి కాళ్లదాకా కప్పుకుంది. ఆవిడ మేలుకుని చూసేసరికి మొహం మీద తెల్లగుడ్డ. అది తొలగించి చూస్తే ఎదురుగా ఎర్రటి ఆకారం, కళ్లుండాల్సిన చోట నల్లద్దాలు, చేతిలో గొడ్డలి, పైగా అది బుసలు కొడుతోంది. అది నేనే.

ఆవిడ కెవ్వున అరవలేదు. చేతికర్రతో నా నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అలా ఆ రోజు కొండ నాతో మాట్లాడింది. అరబ్బీలో మాట్లాడింది. ఆ తర్వాత కాసేపు నాకేం తెలియదు.

కళ్లు తెరిచేసరికి గుడారం నీడలో ఉన్నాను. కోటు విప్పేశారు. మీద నీళ్లు పోస్తున్నారు. ముసలమ్మ కొడుకు అబూ హసన్, గడ్డం పెంచిన నిండు మనిషి, మోకాళ్ల మీద కూర్చుని బజారు హిందీలో అడిగాడు.

"ఎవరు నువ్వు?"

"లాండ్రీ."

"లాండ్రీవాళ్లు ఇలాంటి బట్టలేస్తారా? పైన ఏం చేస్తున్నావు?"

"మంచుకొండ ఎక్కుతున్నాను."

అతను కొండ వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు. "అక్కడ మంచుందా?"

"లేదు. నేనే తెచ్చుకున్నాను."

అతని వెనకనున్నవాళ్లంతా మెడలు చాచి నన్ను చూశారు. "మజ్నూన్" అన్నారెవరో. పిచ్చివాడు అని. ఇక దాచి లాభం లేదని సత్యవతి టేపు, తోడల్లుడి కాశ్మీరు, దుప్పట్లు, మేనేజరు, అంతా ఏడుపు గొంతుతో చెప్పేశాను. అతను ఒక్కొక్క ముక్కే తల్లికి అరబ్బీలో చెబుతున్నాడు. గుడారమంతా నవ్వుతోంది. ముసలమ్మ మాత్రం నవ్వలేదు. కొడుకుని ఏదో అడిగింది.

"భార్యని చూసి ఎన్నాళ్లయిందని అడుగుతోంది" అన్నాడు అబూ హసన్.

"రెండేళ్లు దాటిందండి" అన్నాను. ఆ 'అండి' తెలుగులోనే వచ్చేసింది.

ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది. కొడుకు చెప్పాడు. "మా నాన్న ముత్యాల పడవల మీద పోయేవాడు. వేసవంతా సముద్రంలోనే. అప్పట్లో మాకు ఫొటోలు లేవు, ఒడ్డున నిలబడి నీళ్లకేసి చూసేవాళ్లం అంటోంది." అని, నవ్వు ఆపుకుంటూ ఇంకో మాట చేర్చాడు. "ఇందాక నిన్ను చూసి ప్రాణం తీసుకెళ్లే దూత అనుకుందట. భోజనం అయ్యాక రమ్మని చెబుదామనుకునేలోపే కర్ర లేచిందట."

తర్వాత ఆవిడ కర్ర మళ్లీ లేచింది. ఈసారి నా మీద కాదు. కొడుకులకీ కోడళ్లకీ ఒక్కొక్కరికీ ఒక్కొక్క దిక్కు చూపించింది. "యల్లా!" అంది, కదలండి అని. ఒకళ్లు ముళ్లపొదల మీది దుప్పటి తెచ్చారు, ఒకళ్లు కంచె మీదిది లాగారు. చివరి దుప్పటి కోసం అందరం ఎడారంతా గాలిస్తుంటే అది ఆవిడ కింద కుర్చీలోనే ఉంది. చుట్టి వెన్నుకి దిండులా పెట్టుకుంది.

దుప్పట్లు దొరికాయి కదా, వెళ్తానన్నాను. అబూ హసన్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. "ఫొటో?"

ఆవిడ ఆజ్ఞ అట. కొండ మొదట్లో గాలి తగలని చోట దుప్పట్లు పరిచారు. ఈసారి అంచుల మీద మనుషులే కూర్చున్నారు, కెమెరాకి కనబడకుండా రాళ్ల వెనక. పెద్దకోడలు ముడతలు సరిచేసింది. నాకు మళ్లీ కోటు తొడిగారు. ముసలమ్మకి అదీ చాలలేదు. కూల్‌డ్రింకులు పెట్టుకున్న పెట్టెలోంచి ఐసు ముక్కలు తెప్పించి, కర్రతో చితగ్గొట్టించి, నా దోసిట్లో పోయించింది. "మంచు" అని ఎలా అనాలో నన్నడిగి నేర్చుకుని, "మన్‌చు, మన్‌చు!" అంటూ నవ్వింది. అబూ హసన్ మీట నొక్కాడు. ఆ క్షణాన నేను తోడల్లుణ్ని తలుచుకోలేదు, ఒట్టు. ఇంతమంది నా భార్య కోసం రాళ్ల వెనక దాక్కున్నారే అనిపించి కళ్లు నిండాయి. నల్లద్దాలు ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

మచ్బూసు పాడవలేదని, దుప్పటి శుభ్రంగానే ఉందని చెప్పి నాకూ వడ్డించారు. పళ్లెం ఖాళీ అయ్యాక అబూ హసనే కారులో లాండ్రీ దగ్గర దింపాడు.

రాజన్నని పిలిచి ఇద్దరం సాయంత్రమంతా ఉతికాం. పసుపు మరక వదిలింది గానీ బిర్యానీ వాసన ఒక పట్టాన వదల్లేదు.

"కొండ ఏమన్నదే?" అన్నాడు రాజన్న, పిండుతూ పిండుతూ.

నెత్తి మీది బొప్పి చూపించాను.

మర్నాడు మేనేజరు దుప్పటి వాసన చూసి ఆగాడు. మళ్లీ చూశాడు. నా గుండె ఇస్త్రీపెట్టె కన్నా వేడెక్కింది. "ఆకలేస్తోంది" అని టిఫినుకి వెళ్లిపోయాడు. దుప్పట్లు హోటలుకి వెళ్లిపోయాయి.

ఫొటో కడిగిస్తే అద్భుతంగా వచ్చింది. మంచు శిఖరం మీద ఒంటరి వీరుడు, దోసిట్లో హిమం. పెద్దది చేయించి, ఊరెళ్తున్నతని చేత పంపి, జవాబు కోసం చకోర పక్షిలా చూశాను. టేపు వచ్చింది. ముసుగు పెట్టాను.

"ఏవండీ, ఫొటో అందిందండి. ఎంత బాగున్నారండీ! వీధి వీధంతా చూపించేను. మా అక్క మూతి ముడుచుకుందండి. అందరూ మెచ్చుకున్నారు. ఒక్క మా తమ్ముడే, పదో తరగతి చదువుతున్నాడు కదండీ, ఇంగ్లీషొచ్చు కదా, దగ్గరికి తెచ్చుకుని చూసేడండి. మీ కాళ్ల దగ్గర మంచు మీద నీలం రంగులో ఏదో రాసుందంటండి. చదివేడు. 'హోటలు సొత్తు, బయటికి తీసుకెళ్లరాదు' అనుందంటండి."

టేపు కాసేపు బుర్రుమంటూ తిరిగింది. తర్వాత మళ్లీ ఆవిడ గొంతు, ఈసారి బాగా చిన్నగా.

"వాడి నోరు నొక్కేసేన్లెండి. ఆ మూల కత్తెరతో కత్తిరించేసి, ఫొటో గోడకి పెట్టుకున్నాను. నా కోసం అంత ఎండలో అంత కోటు వేసుకున్నారా? ఇంకెప్పుడూ అలా చెయ్యకండి. చెమట కనపడుతోందండి."

కాబట్టి పాఠక మహాశయులారా, సూర్యచంద్రుల సాక్షిగా, ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంక మంచుకొండ ఎక్కను. విధి వక్రించి ఎక్కవలసే వస్తే, మంచును తిరగేసి పరుస్తాను.