సూరయ్యగారు వెళ్ళని మూడు వారాలు

క్యూర్‌పైప్‌లో జూలై, అంటే మా దీవిలో నడి చలికాలం, వచ్చిందంటే ఎండ ముఖం చూడటం కష్టం. ఉతికిన ఉన్ని కంబళి రెండు రోజులైనా ఆరకపోతే, నిన్న దాన్ని వంటింట్లో పొయ్యి దగ్గర కుర్చీ మీద పరిచాను. వేడి తగిలేసరికి తడి ఉన్ని వాసన గదంతా నిండింది. మనవరాలు ముక్కు మూసుకుని బయటికి పోయింది. నేను మాత్రం కదల్లేకపోయాను. నా కళ్ళముందు పిచ్చాసుపత్రి ఆడవార్డు, వరసగా ఇనుప మంచాలు, వాటి మీద ఎప్పటికీ ఆరని బూడిదరంగు కంబళ్ళు. ఇప్పుడు ఆ ఆసుపత్రిని ఎవరూ ఆ పేరుతో పిలవరు, పిలవకూడదు కూడా. కానీ పందొమ్మిదేళ్ళప్పుడు నేనక్కడ ఉద్యోగంలో చేరేనాటికి దీవిలో అందరి నోటా అదే మాట. ఆ వాసన వెంటే సూరయ్యగారు గుర్తొచ్చారు.

ఆయన అక్కడి నర్సులందరికీ పెద్ద. గుడ్‌ల్యాండ్స్ దగ్గర చెరకు తోటల్లో పనిచేసే కూలీల ఇంట పుట్టి, వార్డులు కడిగే పనిలో చేరి, పరీక్షలు రాసి, ఒక్కొక్క మెట్టే ఎక్కి వచ్చిన మనిషి. ఆయన పైన ఇంగ్లండు నుంచి వచ్చిన పెద్ద డాక్టరు ఒక్కరే. మేమంతా సూరయ్యగారిని 'మిస్యే' అనేవాళ్ళం, అంటే అయ్యగారు అని. మా మాటలన్నీ దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్‌లోనే సాగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఆయన గొంతు నాకు వినబడేది క్రియోల్‌లోనే. చేరిన మొదటి రోజున నడుముకి తాళాల గుత్తి కట్టుకుని, అది గలగలలాడుతుంటే కొంచెం గర్వంగానే నడుస్తున్నాను. ఆయన నన్ను ఆపారు.

"అవి జేబులో పెట్టుకో అమ్మాయీ. తాము లోపలున్నామని వాళ్ళకి తెలుసు. నువ్వు అడుగడుగునా గుర్తుచెయ్యక్కర్లేదు."

కోప్పడలేదు, గొంతు పెంచలేదు. కానీ ఆ రోజంతా నా చెవులు వేడెక్కే ఉన్నాయి.

చేరిన కొన్ని నెలలకి ఆయన నన్ను ఒక మంచం దగ్గరికి తీసుకెళ్ళారు. ఆమె పేరు అచ్చమ్మ. మాంటాన్ బ్లాంష్ అనే ఊరి నుంచి వచ్చింది. పురిట్లో బిడ్డ పోయాక మతి చలించిందని తమ్ముడు తెచ్చి వదిలి పన్నెండేళ్ళు. ఆమె కాగితాల్లో డాక్టర్లు ఏటేటా ఇంగ్లీషులో ఒకే వాక్యం రాశారు: అర్థంలేని శబ్దాలు చేస్తుంది. సూరయ్యగారు ఆ వాక్యం మీద వేలు పెట్టారు.

"నాకొచ్చిన తెలుగు దణ్ణం పెట్టుకోడానికే సరిపోతుంది. నువ్వు గుడి పంతులుగారి దగ్గర చదువుకున్నావట కదా. కూర్చుని విను. ఇవి శబ్దాలో మాటలో నాకు చెప్పు."

విన్నాను. పంతులుగారి పుస్తకాల్లో ఉన్న తెలుగు కాదది. చెరకు తోటల పనికి ఓడలో వచ్చి దిగిన మా నానమ్మ మాట్లాడిన తెలుగు. అచ్చమ్మ గోడవైపు తిరిగి, ఆపకుండా, "తలుపేసీండి, పిల్లకి సలేత్తంది, తలుపేసీండి" అంటోంది. లేచి వెళ్ళి వార్డు తలుపు మూసి, వచ్చి, "తలుపేశాను పిన్నీ" అన్నాను. ఆమె నెమ్మదిగా నా వైపు తిరిగింది. "ఏశావా?" అంది. "ఏశాను." అప్పుడు ఆమె కంబళి కప్పుకుని పడుకుంది. పన్నెండేళ్ళలో ఎవరూ ఆ తలుపు మూయలేదు. సూరయ్యగారు కలం తీసి, ఆ పాత వాక్యం కింద, "రోగి మాట్లాడేది తెలుగు" అని రాసి సంతకం చేశారు.

అప్పటికే కొత్త మాత్రలు వచ్చాయి. కొద్ది నెలల్లో అచ్చమ్మ తన చేత్తో తినసాగింది, తోటి ఆడవాళ్ళ బట్టలు కుట్టిపెట్టసాగింది. ఈమె ఇంటికి వెళ్ళొచ్చు అన్నారు సూరయ్యగారు. ఇంటికి పంపడమనేది ఆ రోజుల్లో ఎవరూ తలపెట్టని పని. పెద్ద డాక్టరు నవ్వి, మీ సెలవు రోజుల్లో ఏం చేసుకుంటారో మీ ఇష్టం అన్నారట. ఒక ఆదివారం ఆయనా నేనూ బస్సెక్కి మాంటాన్ బ్లాంష్ వెళ్ళాం.

ఆమె తమ్ముడు నరసయ్య మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టాడు. ఎక్కడినుంచి వచ్చామో చెప్పగానే అతని ముఖంలో రక్తం లేకుండా పోయింది. లేచి వీధి వైపు కిటికీ మూశాడు.

"మా అక్క చచ్చిపోయింది మిస్యే. ఊరందరికీ అలాగే చెప్పాం. కర్మ కూడా చేసేశాం. నా కూతురికి పెళ్ళి కుదిరింది. ఇంట్లో పిచ్చి ఉందంటే వాళ్ళు వెనక్కి పోతారు. దయచేసి వెళ్ళిపోండి."

సూరయ్యగారు అతని భార్య గౌరమ్మ ఇచ్చిన టీ మొత్తం తాగి, కప్పు కింద పెట్టి, "వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. ఊరికే, టీ తాగడానికి" అన్నారు. తిరుగు బస్సులో నేను కోపం పట్టలేకపోయాను. బతికున్న మనిషికి కర్మ చేసినవాళ్ళు మనుషులేనా అన్నాను.

"వాళ్ళు భయపడ్డారు," అన్నారాయన. "భయపడ్డవాడిని తిడితే ఉన్న ఒక్క తలుపూ మూసుకుంటాడు. ముందు మనం అలవాటవ్వాలి."

ఆరు ఆదివారాలు వెళ్ళాం. ఆరోసారి నరసయ్య ఇంట్లో లేడు. గౌరమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "ఆవిడ ఇంకా ఆ పిల్ల కోసం ఏడుస్తుందా?" అని అడిగింది. ఏడుస్తుందని చెప్పాను. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "నాకూ ఒకరు పోయారు. పెళ్ళి అయ్యాక తీసుకురండి. ఆయనకి నేను చెప్పుకుంటాను" అంది. సూరయ్యగారు ఆమెకి మాట ఇచ్చారు. "పదిహేను రోజులకోసారి నేను వస్తాను. మాత్రలు నేనే తెస్తాను. ఏం జరిగినా మీరు ఒంటరి కాదు."

పెళ్ళి అయ్యాక మేం తీసుకెళ్ళి దింపిన అచ్చమ్మ ఏడు నెలలు ఇంట్లో ఉంది. పన్నెండేళ్ళలో ఆమె రూపు మారిపోవడంతో, దూరపు చుట్టమని ఊరికి చెప్పారు. ఆమె కోళ్ళకి గింజలు వేసేది, గౌరమ్మతో కలిసి పప్పు రుబ్బేది. మేం వెళ్తే నన్ను "తలుపు పిల్లా" అని పిలిచేది. సూరయ్యగారు నవ్వగా నేను చూసింది ఆ ఇంటి వసారాలోనే.

తర్వాత ఆ పెద్ద తుఫాను వచ్చింది. దీవిలో సగం ఇళ్ళు కూలిపోయాయి. మా వార్డుల పైకప్పులు ఎగిరిపోయాయి. వందలమంది రోగులు వానలో తడుస్తూ, బెదిరి కేకలు పెడుతూ ఉంటే మేం పగలూ రాత్రీ అక్కడే ఉండిపోయాం. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం గేటు ముందు చెరకు లారీ ఆగింది. వెనక తాళ్ళతో కట్టేసిన మనిషి. అచ్చమ్మ.

ఇంటి పైకప్పు పోయి, వాళ్ళంతా ఊరి బడిలో తలదాచుకున్నారు. మాత్రలు అయిపోయాయి. వందమంది మధ్య, తలుపుల్లేని ఆ గదిలో, ఆమె కేకలు మొదలుపెట్టింది. జనం భయపడి కట్టేశారు. నరసయ్య లారీ పక్కన నిలబడి ఏడుస్తున్నాడు.

"మీరొస్తారని చూశాం మిస్యే. రోజూ రోడ్డు వైపు చూశాం."

సూరయ్యగారు లారీ ఎక్కి ముడులు విప్పబోయారు. తాళ్ళు తడిసి బిగిసిపోయాయి. నేను కత్తెర తెచ్చి కోశాను. ఆ తర్వాత అచ్చమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. నేను తలుపు మూసి చెప్పినా నా వైపు తిరగలేదు.

ఆ రోజుల్లో ఒకసారి ఆయనకి ధైర్యం చెప్పబోయాను. రోడ్లు లేవు, ఆసుపత్రి నీళ్ళలో ఉంది, మీరెలా వెళ్తారని అన్నాను. ఆయన తల ఊపారు.

"మొదటి వారం దారి లేదు, నిజమే. రెండో వారానికి బస్సులు తిరిగాయి. ఒక రోజు తీరిక దొరికింది. నేను పడుకుని నిద్రపోయాను."

రెండేళ్ళకి, ఒక చలికాలం, నిమ్ము చేసి అచ్చమ్మ పోయింది. కబురు చెప్పడానికి సూరయ్యగారే స్వయంగా వెళ్ళారు. "ఒకసారి కర్మ చేసేశాం మిస్యే, ఇప్పుడు ఊరికేం చెప్పమంటారు?" అన్నాడట నరసయ్య. నిప్పు సూరయ్యగారే పెట్టారు. గౌరమ్మ మాత్రం మొగుడికి చెప్పకుండా, ఒక కొత్త చీర సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చింది. నిప్పు పెట్టకముందే చితి మీద అది కప్పి, తిరుగు బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఇకమీదట ఎవరినీ ఇంటికి పంపకుండా ఉంటారేమో అనుకున్నాను. ఆయన ఆపలేదు. కానీ ఒక షరతు పెట్టారు: ఇంటికి వెళ్ళే ప్రతి రోగికీ ఇద్దరు నర్సులు ఉండాలి, ఒకరికి వీలుకాకపోతే ఇంకొకరు వెళ్ళాలి. దానికోసం పెద్ద డాక్టరుతో, తర్వాత వచ్చిన మన దీవి అధికారులతో ఏళ్ళ తరబడి పోట్లాడారు. మెల్లగా ఒక్కో జిల్లాకీ ఒక నర్సు వచ్చారు. ఊళ్ళలో వారానికోసారి ఒక గది తెరిచి మందులిచ్చే ఏర్పాటు జరిగింది. ఎంతోమంది ఇళ్ళకి చేరారు, చాలామంది అక్కడే నిలిచారు కూడా.

స్వాతంత్ర్యం ఇంకొన్ని వారాల్లో వస్తుందనగా ఆయన పదవీ విరమణ చేశారు. వీధుల్లో అప్పటికే కొత్త జెండా నాలుగు రంగుల కాగితాలు కడుతున్నారు. ఆసుపత్రి హాల్లో సభ పెట్టారు. పెద్దవాళ్ళు వచ్చి ఇంగ్లీషులో, ఫ్రెంచిలో ఆయనని పొగిడారు. చీకటి గదుల నుంచి మనుషుల్ని వెలుగులోకి తెచ్చారన్నారు. చివరికి ఆయన లేచి, క్రియోల్‌లో మాట్లాడారు.

"మీరు చెప్పినవాటిలో ఒకటి తక్కువైంది. అచ్చమ్మ అని ఒకావిడ ఉండేది. నేను వస్తానని వాళ్ళకి మాటిచ్చి వెళ్ళలేదు. నా గురించి ఎక్కడైనా రాస్తే, అది కూడా రాయండి."

చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆయన కూర్చున్నారు. నేను ఎదురుగా ఉన్నాను, కానీ లేచి, నేనూ వెళ్ళలేదని ఒక్క మాట అనలేకపోయాను. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

ఆయన తర్వాత ఆ ఊళ్ళన్నీ నేను తిరిగాను. వానలో, జ్వరంలో, కడుపుతో ఉన్నప్పుడు కూడా. అయినా వెళ్ళలేని రోజులు వచ్చాయి. పిల్లలకి జబ్బు చేసిన రోజులు, ఊరికే ఒళ్ళు అలిసిన రోజులు. ఇన్నేళ్ళలో నేను వెళ్ళిన ఇళ్ళు చాలావరకు మరిచిపోయాను. వెళ్ళని ఇళ్ళు మాత్రం, వీధితో సహా, గుమ్మంలో నిలబడి నాకోసం ఎదురుచూసిన మనిషి పేరుతో సహా, అన్నీ నాతోనే ఉన్నాయి.