తొమ్మిదీ యాభైకి వచ్చిన మాట

2023లో నేను మలేషియాలోని కువాలా సెలంగోర్ వైపు పామాయిల్ తోటల మధ్య అంబులెన్సులో మెడికల్ అసిస్టెంట్‌గా తిరుగుతున్నాను. ఏళ్ల తరబడి మాకు తెలిసిన రూలు ఒక్కటే: ఎవరు పడిపోయినా దగ్గరున్న ఆసుపత్రికి చేర్చు. స్ట్రోక్ వచ్చినవాళ్ల విషయంలో ఆ రూలు మారింది. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికి ముందు సీటీ స్కాన్ తీయాలి. మాకు ఆ రెండూ దొరికేది క్లాంగ్‌లోని పెద్దాసుపత్రిలోనే. అందుకని దగ్గరి ఆసుపత్రిని దాటేసి నేరుగా అక్కడికే పొమ్మన్నారు. దీన్ని మేం బైపాస్ అంటాం. గడువు దాటిపోయినవాళ్లకి మాత్రం పాత దారే.

ఆ రోజు పదకొండు గంటలకు కాల్ వచ్చింది. ఇరవై నిమిషాల్లో ఇల్లు చేరాం. రోగి అప్పలస్వామిగారు, అరవై దాటిన మనిషి, తోటలో కూలీల మీద మండోరుగా, అంటే మేస్త్రీగా, చేసి రిటైరయ్యారు. వంటింటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉన్నారు. నోరు ఓ పక్కకి జారింది, కుడిచెయ్యి లేవడం లేదు, మాట లేదు.

భార్య సింహాచలమ్మగారు గాలి సోకిందనుకుని చెయ్యంతా తైలం రాసి, గ్లాసుతో కాఫీ పట్టబోతున్నారు. మలయ్‌లో ఈ జబ్బు పేరులోనే గాలి ఉంది కాబట్టి మా వాళ్ల ఇళ్లలో తైలం తప్పదు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మింగలేని మనిషికి కాఫీ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని గ్లాసు లాక్కుని కసిరాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ కసురు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇలాంటి కేసులో మా మొదటి ప్రశ్న, రోగి బాగుండగా ఆఖరుసారి చూసింది ఎప్పుడు అని. పడి ఉండగా చూసిన టైము లెక్కకి రాదు.

"ఆరింటికి నాను ఇస్కూలు క్యాంటీను పనికెల్లినాను బాబూ. అప్పటికి పడుకొనున్నాడు. ఇప్పుడొచ్చి సూస్తే ఇలగ."

ఆరు నుంచి లెక్కేస్తే పదిన్నరకే గడువు ముగిసింది. పెద్దాయన తమ్ముడు సన్యాసి అక్కడే ఉన్నాడు, దగ్గరి ఆసుపత్రికి పదండని తొందరపెడుతున్నాడు. మనసు చంపుకుని స్ట్రెచర్ ఎక్కించాం.

మనవరాలికి కబురు చెప్పాలంటూ సింహాచలమ్మగారు భర్త ఫోను తీశారు. కౌలాలంపూర్‌లో ఉన్న ఆ పిల్ల, దివ్యకి తెలుగు అర్థమవుతుంది గానీ నోట రాదు. అందుకని తాతగారు రోజూ పొద్దున ఒక్క తెలుగు మాట వాయిస్ మెసేజ్‌లో పంపుతారట. ఇంక ఆ మాటలు ఎవరు పంపుతారని ఆవిడ ఏడుస్తుంటే నాకు చటుక్కున వెలిగింది.

"పిన్నీ, ఈవేళ పంపారా?"

పంపారు. తొమ్మిదీ యాభైకి. నేనే నొక్కి విన్నాను.

"కవ్వం. మజ్జిగ సిలికేదమ్మా. నీ నోటితో ఓపాలి సెప్పు, కవ్వం."

గొంతు గంటలా ఉంది. ఒక్క అక్షరం తడబడలేదు. అంటే తొమ్మిదీ యాభైకి ఈ మనిషి నిక్షేపంగా ఉన్నాడు, రెండూ ఇరవై దాకా మాకు గడువుంది. ఎగిరి గంతేయాలనిపించింది.

సన్యాసి ఒప్పుకోలేదు. పది నిమిషాల్లో ఆసుపత్రి పెట్టుకుని గంట దూరం ఎందుకు, దారిలో ఏమైనా అయితే జవాబు ఎవరు చెప్తారని అడ్డం నిలబడ్డాడు. అతన్ని తప్పుపట్టను. నిన్నటిదాకా మేమూ అదే చేశాం. స్కాన్ సంగతీ గడువు సంగతీ రెండు ముక్కల్లో చెప్పాను. సింహాచలమ్మగారు కళ్లు తుడుచుకుని మరిదిని పక్కకి జరిపారు.

"ఆయన నోట మల్లీ మాట రావాల. క్లాంగుకే ఎల్దాం."

దారిలోనే పెద్దాసుపత్రికి ఫోన్ చేసి టైము, లక్షణాలు, వాడే మందులు చెప్పేశాను. దీన్ని ప్రీ-నోటిఫికేషన్ అంటారు, రోగికన్నా ముందు కబురు చేరడం. పన్నెండూ ఇరవై అయిదుకి మేం దిగేసరికి వాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు. స్ట్రెచర్ ఎక్కడా ఆగకుండా స్కాన్ గదిలోకి వెళ్లింది. రక్తస్రావం ఉంటే ఆ ఇంజెక్షన్ ఇవ్వకూడదు, మెదడులో అలాంటిదేం లేదన్నారు. ఒంటిగంటకి ఇంజెక్షన్ పడింది. నా డ్యూటీ ముగిసేదాకా పదిసార్లు ఫోన్ చేసి నర్సుల ప్రాణం తీశాను. సాయంత్రానికి కుడిచేతి వేళ్లు కదిలాయని చెప్పారు.

మర్నాడు వార్డుకి వెళ్లాను. దివ్య మంచం పక్కన కూర్చుని ఉంది. తాత వైపు వంగి, "కవ్వం" అంది నెమ్మదిగా. పెద్దాయన చాలాసేపు పెదవులు కూడదీసుకున్నారు.

"కవ్వం... అయిపోనాది. ఈవేళ... రోకలి."

సింహాచలమ్మగారు నా చెయ్యి పట్టుకుని, నిన్న కాఫీ గ్లాసు లాక్కున్నావు, ఇవాళ తాగి పోవాలని కూర్చోబెట్టారు. నేను గెలిచాననిపించింది. మేమందరం గెలిచామనిపించింది.

ఈ కేసు నా ప్రశ్నని మార్చేసింది. ఇప్పుడు స్ట్రోక్ కాల్‌కి వెళ్తే, ఆఖరుసారి ఎవరు చూశారని అడిగి ఊరుకోను. ఆయన గొంతు ఆఖరుసారి ఎవరు విన్నారని కూడా అడుగుతాను.