మడత విప్పని చీటీలు

గారడీ గురించి రాస్తున్నానని తెలిసినప్పటి నుంచి మా ప్రొద్దుటూరు చర్చి సంఘంలో ఆడవాళ్ళకు నేనొక వేడుక అయ్యాను. "ఏందమ్మా, మంత్రాల పుస్తకాలు చదువుతాండావంట? మా ఇంటి పక్క చూడాకు తల్లీ" అని ఒకామె నవ్వింది. నేను చదివేది మంత్రాలు కాదు, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు వేదికల మీద ఇంద్రజాలం చేసినవాళ్ళ చరిత్ర. బడికి పోలేని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బైబిలు ముందు పెట్టి ఇంగ్లీషు నేర్పిన నాయన చలవ వల్ల ఇవాళ ఫోనులో ఆనాటి పత్రికలు చదవగలుగుతున్నాను. దేవునికి స్తోత్రం.

ఆ కాలంలో చచ్చినవాళ్ళ ఆత్మలతో మాట్లాడతామని జనాన్ని దోచినవాళ్ళుండేవారు. కొందరు గారడీవాళ్ళకు అది గిట్టలేదు. అవే పనులు తామూ చేసి చూపించి, ఇందులో కనికట్టు తప్ప ఏ ఆత్మా లేదని చెప్పేవాళ్ళు. మడిచిన చీటీలు విప్పకుండా చదవడం అందులో ఒకటి.

ఒకనాడు పులివెందుల నుంచి మా అక్క ఫోను చేసింది. "మే, కూటానికి బయటూరి దైవజనుడొచ్చినాడు. మొదట ఒకామెది చదివితే 'నాదే' అని అరిసింది. ఆ తర్వాత నా ప్రార్థన చీటీ నుదుటికి ఆనిచ్చుకోని, మడత గూడా ఇప్పకుండా 'ఫిట్స్‌తో బాధపడే సోదరి' అని చదివినాడు. నయమైపోయింది, ఇంక మాత్రలు మింగాకు అన్న్యాడు. ఆపేసినా."

ఒళ్ళు మండిపోయి తిట్టాను. "నీకు దేవుని కంటే పుస్తకాలే ఎక్కువైపాయ" అని పెట్టేసింది. ఆ వారంలోనే బావ ఫోను. పొయ్యి దగ్గర ఫిట్స్ వచ్చి పడిందట, ముంజేయి కాలిందట.

జమ్మలమడుగులో దిగి, అక్కను ఎప్పుడూ చూసే డాక్టరమ్మను అడిగి మాత్రలు తీసుకుని పులివెందుల బస్సెక్కాను. దారిలో ప్రార్థన చేద్దామనుకుంటే నోట్లోకి తిట్లే వచ్చాయి. కనికట్టు చూపి కూడు తినేవాళ్ళ మీద నాకు కోపం లేదు. దేవుని పేరు అడ్డం పెట్టుకుని, రోజూ మంట ముందు నిలబడే మనిషికి మాత్ర వద్దన్నాడే, వాడి మీద.

మాత్ర ముందు పెడితే అక్క మొహం తిప్పుకుంది. "ఇది మింగితే ఆయప్ప మాట నమ్మనట్లే గదా. సగం సగం నమ్మినానేమో, అందుకే మళ్ళీ వచ్చింది." చేయి కాలడం కూడా తన తప్పేనట!

వాదించలేదు. అక్కకు రెండు కాగితాలిచ్చి రెండు ప్రార్థనలు రాసి మడవమన్నాను. బావతో ముందే మాట్లాడుకున్నాను. ఆయన కూడా ఒక చీటీ రాసి, గుర్తుగా దాని మూల మడిచాడు. దాన్ని అడుగున పెట్టాను. పై చీటీ విప్పకుండా నుదుటికి ఆనించి, "బోరులో నీళ్ళు పడాలని ఒక సోదరుడు" అన్నాను.

"నాదే! నాదే తల్లీ!" బావ రెండు చేతులూ ఎత్తేశాడు.

"సాల్లే, నీ యాక్షనూ నువ్వూ" అంది అక్క.

సరిచూసుకుంటున్నట్టు చీటీ విప్పాను. అది బావది కాదు, అక్కది. లోలోపలే చదువుకుని, రెండోది నుదుటికి ఆనించాను. "తోటలో చీనీ చెట్లు ఎండిపోకూడదని ఒక సోదరి." అక్క నోరు తెరిచింది. రెండోది కూడా విప్పి చూసుకుని, మిగిలిన బావ చీటీ నుదుటికి పెట్టుకున్నాను. "చెల్లెలికి కోపం తగ్గాలని ఒక అక్క."

అప్పుడు మూడూ పరిచి చూపించాను. "ఆ పొద్దు మొదట 'నాదే' అని అరిచినామె వాళ్ళ మనిషే అక్కా. ఆమె చీటీ అని ఇప్పి ఇంకొకరిది చదువుకుంటాడు. ఎప్పుడూ ఒక చీటీ ముందుంటాడు, అంతే."

అక్క తను రాసిన అక్షరాల మీద వేలు పెట్టింది. "అట్లయితే నా ప్రార్థన దేవుడు చదవలేదా?"

కాలిన చేయి చూసినప్పుడు కూడా నాకంత కోపం రాలేదు. వాడు ఆమె మాత్రలే కాదు, ఈ నమ్మకాన్ని కూడా ఎత్తుకుపోయాడు.

"నువ్వు రాసేటప్పుడే చదివినాడక్కా. ఆయనకు మడత ఇప్పే పనేముంది?"

అక్క మాత్ర మింగింది. గ్లాసు కింద పెడుతూనే లేచింది. "చీటీలు మడువు. ఎదురింటామె షుగరు మాత్రలు ఆపేసింది. ఆమెకు గూడా చూపిద్దువు పా."

నేను చీటీలు ఏరుతుంటే, నా కోపం గురించి తను రాసినదాన్ని మాత్రం లాక్కుని కొంగున ముడేసుకుంది.

"ఇది ఇప్పుడే వద్దులే. నీ కోపంతో పనుంది" అంది.