డాక్టరమ్మ పందెం కారుకు క్లచ్

1961 మార్చిలో నన్ను ఆదిలాబాదు నుంచి కరీంనగర్‌లోని ప్రభుత్వ వాహనాల మరమ్మతు షెడ్డుకు ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. జిల్లాలో ఏ శాఖ జీపు ఆగిపోయినా, ఏ లారీ మొండికేసినా మా దగ్గరికే రావాలి. పైన ఒక ఇంజనీరు, ఆయన కింద నేను, నా కింద ఆరుగురు ఫిట్టర్లు. ఫిట్టర్లలో పెద్దవాడు ఖాజా మియా. నిజాం కాలం నుంచి అదే షెడ్డులో స్పానరు పట్టినవాడు. కాగితం మీద నేను ఆయనకు పై అధికారిని. ఇంజిన్ చప్పుడు విని జబ్బు చెప్పడంలో మాత్రం ఆయనే నాకు పై అధికారి.

మా షెడ్డులో ఒక నియమం ఉండేది. డ్రైవరు ఫిర్యాదు పుస్తకంలో తన బాధ రాసిన తర్వాత, బానెట్ ఎత్తే ముందు, ఫోర్‌మన్ ఆ డ్రైవరు పక్కన కూర్చుని ఐదు మైళ్లు తిరిగి రావాలి. డ్రైవరు రాసేది ఒకటి, బండిలో ఉండేది ఇంకొకటి కావడం మాకు రోజూ అనుభవమే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ నియమం నేను ఒక్కసారే తప్పాను.

ఆ ఏడు ఎండాకాలంలో సర్కారు దవాఖానా లేడీ డాక్టరు సుగుణ గారు తన కారు తీసుకొచ్చారు. సొంత కారే అయినా డ్యూటీకి వాడుతున్నారు కాబట్టి మా షెడ్డులో చేయించుకోవడానికి ప్రత్యేక అనుమతి ఉంది. ఆ కారును చూసి ఫిట్టర్లందరూ పని వదిలేసి చుట్టూ మూగారు. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల పందెం కారు. ముదురాకుపచ్చ రంగు, పైన గుడ్డ కప్పు, నేలకు జానెడు ఎత్తు. హైదరాబాదులో ఉన్న మేనమామ సరదాగా కొనుక్కుని, నడుము నొప్పి మొదలయ్యాక మేనకోడలికి ఇచ్చేశారట. అప్పట్లో కొత్త కారుకు పేరు రాయించుకుంటే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకని ఆమె ఆ పందెం కారులోనే ఊళ్లు తిరిగేవారు.

ప్రతి మంగళవారం కొండగట్టు దాటాక ఒక ఊళ్లో ఆమె గర్భిణులను చూసేవారు. అక్కడి నుంచి బండ్లబాట పట్టుకుని లోపలి పల్లెలకు వెళ్లేవారు. బస్సు ఆ పల్లెలకు పోదు. కారు లేకపోతే లోపలి పల్లెల మాట మరచిపోవాల్సిందే.

ఫిర్యాదు పుస్తకంలో ఆమె రెండు ముక్కలు రాశారు: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు, కాలిన వాసన వస్తుంది. క్లచ్ జారుతోందని చిన్న ఫిట్టరు కూడా చెప్పగలడు. ఇంజిన్ తిప్పే చక్రానికీ గేరు పెట్టెకూ మధ్య ఒక పలక ఉంటుంది. దానికి రెండు వైపులా లైనింగు అంటించి ఉంటుంది. స్ప్రింగులు దాన్ని చక్రానికి అదిమిపెడితే బండి నడుస్తుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది. పట్టు చాలకపోతే పలక జారుతుంది, జారితే కాలుతుంది.

నా ముందు మూడు దారులున్నాయి. పాతరకం లైనింగే మళ్లీ వేయడం ఒకటి. ఇత్తడి తీగ కలిపి నేసిన లైనింగు, వేడికి తట్టుకునేది, తెప్పించి వేయడం రెండోది. గట్టి స్ప్రింగులు పెట్టి పలకను మరింత బలంగా అదమడం మూడోది. ఇక్కడ ఖాజా మియా అడ్డుతగిలాడు.

"సాబ్, అమ్మగారి పక్కపొంటి కూసోని ఒక్క చక్కర్ కొట్టి రాండ్రి. మన కాయిదా గదే గద."

నాకు చిరాకేసింది. "రెండు సీట్ల బండిల లేడీ డాక్టర్ పక్కన కూసోని బజార్ల తిరుగుమంటవా? సూసినోళ్లు ఏమంటరు?" అన్నాను.

నేను మర్యాద పాటిస్తున్నానని నాకు గట్టి నమ్మకం.

గట్టి స్ప్రింగులే పెట్టాను. లారీలతో పనిచేసి పెరిగినవాణ్ణి, బలం తక్కువైతే బలం పెంచాలన్నదే నాకు తెలిసిన వైద్యం. బుధవారం పొద్దున్నే నేనే నడుపుకుంటూ కొండగట్టుకు పోయే జగిత్యాల రోడ్డు మీద వెళ్లి, ఖాళీ రోడ్డు మీద ఎత్తెక్కి దిగి వచ్చాను. క్లచ్ ఉడుంపట్టు పట్టింది. ఆ రోజు షెడ్డులో నా నడకే వేరుగా ఉందని తర్వాత ఫిట్టర్లు నవ్వుకున్నారు.

మరుసటి మంగళవారం గడిచి బుధవారం తెల్లవారేసరికి డాక్టరు గారు షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. కారు లేదు.

"ఫోర్‌మన్ గారూ, గా క్లచ్ మీరు నాకు పెట్టలే. మీకు మీరే పెట్టుకున్నరు," అన్నారు.

జరిగింది విని తల ఎత్తలేకపోయాను. మంగళవారం కొండగట్టు అంజన్న దర్శనానికి పోయే బండ్లతో రోడ్డంతా నిండిపోయింది. అడుగుకొకసారి ఆగాలి, కదలాలి, గట్టి స్ప్రింగుల వల్ల బరువెక్కిన పెడల్‌ను ప్రతిసారీ తొక్కాలి. పది బండ్లు దాటేసరికే ఆమె ఎడమ కాలు వణకడం మొదలుపెట్టింది. ఒకచోట కాలు నిలవక పెడల్ జారింది. క్లచ్ ఒక్కసారిగా పట్టి కారు ముందుకు దూకింది, ముందున్న ఎడ్లబండి వెనక చెక్కకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇక ఆ పెడల్ తొక్కలేక కారును అక్కడే వదిలి, సంచీ భుజాన వేసుకుని ఎండలో రెండు మైళ్లు నడిచారట. ఆమె చేరేసరికి ఒక తొలిచూలు ఇల్లాలికి కాన్పు అయిపోయింది. మంత్రసాని ఎట్లాగో గట్టెక్కించింది. తల్లీబిడ్డలిద్దరూ బతికారు, అందులో మా గొప్పేమీ లేదు.

"వచ్చే మంగళారం వరకు దారి దొరికితే సరి. లేకుంటే బస్సుల పోత. లోపలి ఊర్లు ఇడిసిపెట్టుడే," అన్నారామె. కోపంగా అని ఉంటే బాగుండేది. ఆమె మామూలుగానే అన్నారు.

బండిని తెప్పించాను. పాత స్ప్రింగులు మళ్లీ పెట్టాను. శనివారం కూడా కొండగట్టుకు జనం పోతారు. ఆ శనివారం పొద్దున డాక్టరు గారిని బండి నడపమని, పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. గుడ్డ కప్పు తీసేసి ఉంది. బజారులో చాయ్ తాగుతున్నవాళ్లు కప్పులు పట్టుకుని అట్లాగే ఉండిపోయారు. నా చెవులు వేడెక్కాయి. డాక్టరు గారు మాత్రం రోడ్డునే చూస్తున్నారు.

మూడు మైళ్లలోనే నాకు తెలియాల్సినదంతా తెలిసింది. ఆమె పొట్టి మనిషి. సీటు ఎంత ముందుకు జరిపినా పెడల్‌కు కాలివేళ్ల కొసలే అందుతున్నాయి. మళ్లీ మళ్లీ వెతుక్కోవడం కష్టమై ఆ వేళ్లను పెడల్ మీదనే ఆనించి ఉంచుతున్నారు. కాలు ఆనితే క్లచ్ పూర్తిగా పట్టదు, సగం పట్టి సగం జారుతూ కాలుతుంది. ఇక దారి పొడుగునా ఆడవాళ్లు ఆపుతూనే ఉన్నారు. ఒకామె కడుపునొప్పి చెబుతుంది, ఇంకొకామె పసిదాన్ని చూపిస్తుంది. వాళ్లతో మాట్లాడినంతసేపూ ఈమె గేరు తీయకుండా పెడల్ అదిమి పట్టుకునే ఉంటారు. ఎన్నిసార్లు తొక్కుతారో లెక్కపెడదామని మొదలుపెట్టి, ముప్పై దాటాక మానేశాను.

క్లచ్‌కు బలం చాలకపోవడం ఎప్పుడూ లేదు. దానికి కాసేపు వదిలిపెట్టే కాలు కావాలి, తప్పని వేడికి తట్టుకునే లైనింగు కావాలి. ఇది మొదటి రోజే తెలిసి ఉండాల్సింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

వెనక్కి వచ్చాక ఖాజా మియాకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఎత్తిపొడవలేదు. "పోనీ సాబ్, ఇప్పుడన్న దొరికింది," అని చేతులు తుడుచుకుని పనిలోకి దిగాడు. ఇత్తడి తీగ లైనింగు హైదరాబాదు నుంచి బస్సులో తెప్పించాం. పెడల్ మీద ఒక చెక్కదిమ్మ బిగించి రెండు అంగుళాలు ఆమె కాలి దగ్గరికి తెచ్చాం. సీటులో వీపు వెనక గట్టి దిండు కుట్టించాం. పెడల్ కదిలాక క్లచ్ వదలడం మొదలయ్యేలోపు ఉండాల్సిన అంగుళం ఖాళీని ఖాజా మియా మూడుసార్లు కొలిచాడు.

సోమవారం సాయంత్రం బండి అప్పగిస్తూ ఆమెకు రెండు మాటలు చెప్పాను. మనుషులతో మాట్లాడేటప్పుడు గేరు తీసేయాలి. నడిచేటప్పుడు కాలు పెడల్ మీద కాక కింద పెట్టాలి.

"రోజుకు ఎన్ని పూటలు?" అని అడిగారామె నవ్వుతూ. షెడ్డంతా నవ్వింది, నేనూ నవ్వాను.

మంగళవారం మధ్యాహ్నం దాటింది. నేను పని చేస్తున్నట్టు నటిస్తూ గేటు వైపే చూస్తున్నాను. నాలుగు గంటల ప్రాంతంలో ఆ ఆకుపచ్చ కారు దుమ్ము కొట్టుకుని లోపలికి వచ్చింది. ఏమన్నా విరిగిందేమోనని పరుగెత్తాను. ఆమె నీళ్లు అడిగి తాగి, బండ్లబాటలో మూడు పల్లెలు తిరిగానని, ఒకచోట కాన్పు చేశానని, ఆడపిల్ల పుట్టిందని చెప్పారు. క్లచ్ ఎట్లా ఉందని ఉండబట్టలేక అడిగాను.

ఆమె ఒక్క క్షణం ఆలోచించారు. "అయ్యో, ఇయ్యాల గా క్లచ్ సంగతి యాదికే రాలేదండీ," అన్నారు.

నా పనికి అంతకంటే పెద్ద మెప్పు అప్పటికీ ఆ తర్వాతా నాకు దక్కలేదు. ఆమెకు బదిలీ అయ్యేదాకా నాలుగేళ్లు ఆ లైనింగే నడిచింది.

ఆ తర్వాత ఏ బండి వచ్చినా, నడిపేది ఎవరైనా, పక్కన కూర్చోకుండా నేను బానెట్ ఎత్తలేదు. చూడాల్సిన దాన్ని మర్యాద పేరుతో చూడకపోవడం కూడా పనిలో తప్పే. ఆ తప్పు చేసింది నేను. దానికి ఎండలో రెండు మైళ్లు నడిచింది డాక్టరు సుగుణ గారు.