గాజు తలుపు ముందు చెప్పులు

ఆ రోజుల్లో మంచిర్యాలలో బయట తినడమంటే బస్టాండు ముందు బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తినడమే. జిల్లా అయ్యాక ఆఫీసులొచ్చాయి, వాటి వెంట కార్లొచ్చాయి, పాత రైసుమిల్లు గోదాము ఉన్నచోట గాజు తలుపుల రెస్టారెంటు వెలిసింది. అందులో నాకు వడ్డించే ఉద్యోగం దొరికింది. (ఇంట్లో 'మేనేజరు కింద పని' అని చెప్పుకున్నాను, అబద్ధమేమీ లేదుగా!) నెల రోజులు చూసి, నచ్చితేనే ఉంచుకుంటామన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు 'మెల్లగా సార్'. మేం నడిచినా, నవ్వినా, గ్లాసు పెట్టినా "మెల్లగా" అనేవాడు.

నెల నిండడానికి ఇంకా రెండు రోజులున్నాయనగా, ఆదివారం మధ్యాహ్నం, శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పనిచేసే మా బాపు ఇద్దరు దోస్తుల్ని వెంటేసుకుని చెప్పాపెట్టకుండా వచ్చాడు. (మా వైపు నాన్న బాపు, అమ్మ అవ్వ.) తలుపు దగ్గర ముగ్గురూ చెప్పులు విడిచారు. "బాపూ, తొడుక్కో" అని గుసగుసలాడాను.

"అరె, బండలు అద్దం లెక్క మెరుస్తున్నయి. చెప్పులతోని ఎట్ల తొక్కుతమురా?" అని వాటిని వరసగా పెట్టి లోపలికొచ్చాడు.

తర్వాత కారు దిగిన కుటుంబం ఆ వరస చూసి ఆగింది. కొత్త హోటలు, ఇక్కడి పద్ధతేమిటో ఎవరికి తెలుసు? వాళ్ళూ విడిచారు. వాళ్ళను చూసి వెనకవాళ్ళు. ఏమీ తెలియనివాళ్ళలా కనిపిస్తామేమోనని అందరికీ ఒకటే భయం. ఒక పెద్ద ఆఫీసరైతే బూట్లు విప్పేసి, చిరిగిన సాక్సులోంచి తొంగిచూస్తున్న బొటనవేలిని బల్ల కింద దాచుకోలేక భోజనమంతా నానా అవస్థ పడ్డాడు. (పప్పు వడ్డిస్తూ నేను చూడనట్టే ఉన్నాను.)

మెల్లగా సార్ బయటికెళ్ళి, వేములవాడ గుడి ముందున్నట్టు పేరుకున్న చెప్పులు చూసి పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు మొదలుపెట్టారిది? వీళ్ళు నీకు తెలిసినవాళ్ళా?" అని బాపు బల్ల దగ్గరే నన్ను నిలదీశాడు. రెండు రోజుల్లో ఖాయం కావలసిన ఉద్యోగం చేజారుతుందని భయపడి చేతిలోని పప్పు గిన్నెలోకే చూశాను. బాపు ఒకసారి నా మొహం చూసి లేచి నిలబడ్డాడు.

"ముందుగాల ఇడిచింది నేనే సారూ. గీ పిలగాడు చెప్పిండు, నేనే ఇనలే. ఎవల పిలగాడోగని, మమ్ముల మంచిగ అర్సుకుంటుండు."

ఉద్యోగం నిలిచింది. "మా బాపు సార్" అనే మాట మాత్రం నా నోట రాలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అవ్వ, "కొడుకుతోని మాట్లాడినవా?" అని అడిగింది.

"ఏడ మాట్లాడుడే! టై కట్టుకొని ఉంటే గుర్తువట్టలే" అన్నాడు బాపు, నా వైపు చూడకుండా.

అవ్వ విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ టై కుర్రాణ్ణి తలచుకుంటే సిగ్గేస్తుంది, నవ్వొస్తుంది, చివరికి పాపం అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళవాడు, ఏం చేస్తాడులే.