ఆపిన చోటి నుంచే

వికారాబాదు ఆడపిల్లల బోర్డింగులో మాకొక విద్య వచ్చు. అది ఏ టీచరమ్మా నేర్పింది కాదు, పెద్దపిల్లల దగ్గర చిన్నపిల్లలు నేర్చుకునేవాళ్ళు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, బైబిలు ఎక్కడో ఒకచోట తెరిచి, కళ్ళు తెరవకుండానే వేలు పెట్టాలి. వేలి కింద ఏ మాట ఉంటే అదే ఆ రోజుకు దేవుడు మనకిచ్చిన మాట. లెక్కల పరీక్ష ముందు వేలు పెట్టేవాళ్ళం. ఆదివారం నాన్న వస్తాడా రాడా అని పెట్టేవాళ్ళం. ధైర్యం చెప్పే మాట దొరికిన పిల్లకు ఆ రోజంతా కాళ్ళు నేలమీద ఆనేవి కావు. శాపమో తెగులో దొరికితే మాత్రం "వేలు జారింది" అని రెండోసారి పెట్టేవాళ్ళం. దేవుడికి కూడా ఇంకో అవకాశం ఇవ్వాలి కదా!

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నన్ను ఆ బోర్డింగులో వేశారు. మా నాన్న మిషను ఆసుపత్రిలో తోటపని చేసేవాడు. తెల్లవారుజామున గంట, వణుకు పుట్టించే చన్నీళ్ళు, జొన్న గటక, ప్రార్థన గదిలో పరిచిన ఈతచాపలు, మోకాళ్ళ మీద పడే చాప అచ్చులు. అప్పుడు తిట్టుకున్నవన్నీ ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తున్నాయి. గట్టిగా, తడబడకుండా చదువుతానని గుడిలో వాక్యం చదవడానికి నన్నే లేపేవారు. ఆ గొప్ప నా తలకు బాగానే ఎక్కింది.

పెళ్ళయి తాండూరు రైలెక్కేటప్పుడు నా పెట్టెలో రెండు చీరలు, నా తలలో ఆ గొప్ప ఉన్నాయి. దిగి చూస్తే తాండూరంతా బండలే. నేల బండ, గోడ బండ, దడి బండ, పశువుల కొట్టానికి అడ్డం పెట్టింది కూడా బండే. మా ఆయన ఆ బండల గనిలోనే పనిచేసేవాడు. ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. మా అత్తమ్మ కంది చేలల్లో కూలికి పోయేది. ఆమె పుట్టిల్లు కన్నడం వైపు. మాట్లాడేది మన తెలుగే అయినా, ప్రార్థనలో గుండె నిండితే మాత్రం "యప్పా" అని దేవుణ్ణి కన్నడంలో పిలిచేది.

అత్తమ్మకు అక్షరం రాదు. అయినా రోజూ పొద్దుగూకాక రొట్టెలు తిని, కందిలి ముట్టించి, చాప పరిచి, బైబిలు చదివించుకోవాల్సిందే. నేను రాకముందు మా ఆయన చదివేవాడు. నాలుగో తరగతి చదువు, ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. నేను వెళ్ళేసరికి వాళ్ళింకా మోషే వెంట ఎడారిలోనే ఉన్నారు. ఆయన చదువుతో పోతే ఇశ్రాయేలీయులకు పట్టిన నలభై ఏళ్ళూ మా ఇంటికీ పట్టేవే.

మొదటి సాయంత్రం బైబిలు నా చేతికిచ్చారు. నా పనితనం చూపిద్దామని కళ్ళు మూసుకుని, పుస్తకం తెరిచి వేలు పెట్టాను.

"ఏంది బిడ్డా గది? చిలక జోస్యమా?" అంది అత్తమ్మ.

మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా బోర్డింగులో అందరూ ఇట్లే చూస్తారని చెప్పాను.

"మనింటికి పెద్దమనిషి వచ్చి ముచ్చట జెప్తున్నడనుకో. నడుమల రెండు మాటలిని లేచిపోతమా? మొదటిసంది ఇనాలె. నిన్న యాడ ఆపినమో గాడికెళ్ళే సదువు" అంటూ పుస్తకంలో పెట్టిన ఎర్రదారం చూపించింది.

ఆమె వరుస అంటే వరుసే. గుడారం తెరల కొలతలు, బలుల నియమాలు, కుష్ఠుకు పరీక్షలు, ఏదీ వదలడానికి లేదు, చదివింది మళ్ళీ వెనక్కి పోయి చదవడానికీ లేదు. ఒకరోజు విసుగొచ్చి ఇరవై ఆకులు గబుక్కున దాటించి, దారం అక్కడ పెట్టేశాను. మర్నాడు అత్తమ్మ పుస్తకం మూసి పక్కనుంచి చూసి, "ఒక్కనాడే గింత మందం సదివినవా బిడ్డా? నీకు మస్తు గొంతు నొప్పి లేసుంటది" అంది. ఆ రోజు దాటేసిన ఆకులన్నీ చదివాను. 

అయితే ఆ వరుసలో ఒక రుచి ఉందని నాకు తెలియకుండానే తెలిసింది. గుడిలో ముక్కలు ముక్కలుగా విన్న మనుషులంతా మా ఇంట్లో ముందు పుట్టి, తరవాత పెరిగి, తప్పులు చేసి, ముసలివాళ్ళయ్యేవారు. దావీదు పరాయివాడి భార్యను తెచ్చుకున్న అధ్యాయం విన్న అత్తమ్మ మర్నాడు రొట్టెలు కొడుతూ "గంత మంచిగ పాడినోడు గిదేం పని జేసిండు!" అని ఆ కోపమంతా పిండిమీద చూపించింది. అంతకుముందు, మోయాబు నుంచి అత్తవెంట వచ్చేసిన కోడలి కథ చదివిన సాయంత్రం కళ్ళు తుడుచుకుని, "గా కోడలు మంచిది" అంటూ నావైపు చూసింది. "గా అత్త గూడ మంచిదే" అన్నాను నేను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ కందిలి వెలుగు, పక్కింటి నుంచి వినిపించే కన్నడ మాటలు, బయట బండమీద చల్లారుతున్న ఎండ వేడి, ఇప్పటికీ నా ఒంటికి తెలుస్తూనే ఉన్నాయి. నా జీవితంలో అంత తీరుబడి మళ్ళీ రాలేదు.

తరవాత నాకు కొడుకు పుట్టాడు.

మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం నాడు పాస్టరు అయ్యగారి నోట వచ్చేదాకా బిడ్డ పేరు పైకి పిలవకూడదు. పేరు ముందే అనుకుంటారు కాని మనసులోనే ఉంచుకుంటారు. అత్తమ్మా నేనూ జొన్నలు చెరుగుతూ మావాడి పేరు ఎంచుకున్నాం. మా ఆయనకు ఒకసారి చెవిలో చెప్పాం. అంతే. అందరికీ వాడు చంటోడు. అయ్యగారు వికారాబాదు నుంచి రావాలి, వానలు తగ్గాలి. తొందరేముంది అనుకున్నాం.

వానలు తగ్గకముందే వాడికి జ్వరం తగిలింది. మా ఆయనా నేనూ రైల్లో వికారాబాదు ఆసుపత్రికి తీసుకుపోయాం, అత్తమ్మ ఇంటి దగ్గర ఉండిపోయింది. మా నాన్న మొక్కలు పెంచిన ఆసుపత్రే. డాక్టరమ్మ, నర్సులు చేయగలిగిందంతా చేశారు, వాళ్ళను అనడానికేమీ లేదు. వాడు ఎగశ్వాస పెడుతుంటే నేను వార్డులో ఉన్న బైబిలు తీసి, కళ్ళు మూసుకుని వేలు పెట్టాను. పసిబిడ్డలు కొద్ది దినాలకే పోవడం ఇక ఉండదు అనే అర్థమున్న మాట మీద పడింది వేలు. నేను పెద్దగా ఏడ్చాను, సంతోషంతో. నర్సును పిలిచి చూపించాను. మా ఆయనకు చూపించాను. ఇక వాడికేం భయం లేదని అందరికీ చెప్పాను.

తెల్లవారేసరికి వాడు పోయాడు.

పగటి రైల్లో, నిద్రపోయే బిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తాండూరు తెచ్చుకున్నాం. ఎదురుగా కూర్చున్న ఆవిడ, బిడ్డ లేస్తాడేమోనని తన పిల్లలను చప్పుడు చేయనివ్వలేదు. సమాధి దగ్గర ప్రార్థన చేసిన సంఘపెద్దకు మావాడి పేరు తెలియదు. "ఈ శిశువు" అన్నాడు. 

దేవుడు లేడని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నాడు, నన్ను మోసం చేశాడు అనుకున్నాను. లేడనుకుంటే కాస్త నయంగా ఉండేదేమో. ఆ సాయంత్రం అత్తమ్మ చాప పరుస్తుంటే, "నేను సదవ. ఇగ నా చేతికియ్యకు" అన్నాను.

ఆమె కందిలి దగ్గరికి జరుపుకుని, ఎర్రదారం ఉన్న చోట పుస్తకం తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చదవడం రాని మనిషి. కాసేపు అట్లే ఉండి, మూసి, మొక్కుకుని పడుకుంది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. మా ఆయన చూడలేక "నేను సదువుతనే అవ్వా" అన్నాడు తల్లితో.

"ఆమె ఇడిసిన కాడ ఆమెనే మొదలుపెట్టాలె" అంది.

నాకు అది పంతంగా కనిపించింది. దేవుడూ అత్తమ్మా కలిసి నన్ను సతాయిస్తున్నారనిపించింది. మూలకు కూర్చుని కందులు ఏరుతూ, ఏరినవే మళ్ళీ ఏరుతూ ఉండేదాన్ని. వారాలు గడిచాయి. ఒకరోజు ఇక పట్టలేక, "ఎందుకు గట్ల కూసుంటవ్ అత్తమ్మా? నీకేమన్న ఇనస్తదా?" అని అరిచాను.

"ఇనరాదు బిడ్డా. కానీ ఆయన ముచ్చట ఇంకా అయిపోలే. నడుమ లేచి యాడికి పోవాలె?"

అప్పుడు చెప్పాను, వార్డులో నా వేలి కింద పడిన మాట సంగతి. ఆమెకు అదివరకు తెలియదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ తరవాత అడిగింది: "దాని ముందట ఏముందో సదివినవా?"

"లే."

"నేను గంత దాంక రాలే బిడ్డా. వచ్చినంక ఇద్దరం జూద్దం."

ఏళ్ళ తరవాత వరుసలో నిజంగానే ఆ మాట దగ్గరికి వచ్చాం. దాని ముందు, దేవుడు కొత్త ఆకాశాన్నీ కొత్త భూమినీ చేయబోతున్నానని చెప్పిన మాటలున్నాయి. పసిబిడ్డలు పోకుండా ఉండేది అక్కడ. అత్తమ్మ ఆ ముక్క విని, "గదింక రాలే. వచ్చేదుంది" అంది. నా విశ్వాసం ఏదైనా గట్టిపడింది అంటే ఇట్లాగే పడింది. మెరుపులేమీ మెరవలేదు. ముందు ఏముందో, వెనక ఏముందో తెలుసుకునేదాకా కూర్చోవడమే. కానీ అది తరవాతి సంగతి. ఆమె "వచ్చినంక జూద్దం" అన్న రోజుకు నాలో కోపం తప్ప ఇంకేమీ లేదు.

ఆ కోపంతోనే మర్నాడు చాప మీద కూర్చున్నాను. దేవుడు ఇప్పుడు ఏం చెప్పుకుంటాడో విందామని. దారం తీసి చూస్తే రాజుల కథలు అయిపోయి వంశావళులు మొదలయ్యాయి. ఉత్త పేర్లు. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు. ఆకు తిప్పితే పేర్లు, ఇంకో ఆకు తిప్పితే పేర్లు. ఇన్నాళ్ళకు తిరిగొస్తే నాకు దొరికింది ఇదా అని నవ్వొచ్చింది, ఆ వెంటే పుస్తకం మూసేయాలనీ అనిపించింది.

"సదువు బిడ్డా" అంది అత్తమ్మ, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంటూ.

చదివాను. నోరు తిరగని పేర్లు. యుద్ధం చేశాడని లేదు, గుడి కట్టాడని లేదు. ఏమీ చేయనివాళ్ళు. పుట్టారు, అంతే. చదువుతూ చదువుతూ ఉండగా, వీళ్ళలో ఎవడు ఎన్నాళ్ళు బతికాడో ఇక్కడ రాయలేదే అనిపించింది. ముసలివాడై పోయినవాడి పేరు, చంటితనంలోనే పోయినవాడి పేరు ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కణ్ణీ ఒక తల్లి మోసింది. వీళ్ళ పేర్లను దేవుడు పారేసుకోలేదు.  ఫలానావాని కుమారుడు, ఫలానావాని కుమారుడు అంటూ అట్లా పోతూ పోతూ, ఊపిరి తీసుకుని, మా ఆయన పేరు చెప్పి, ఆయన కుమారుడు అని మావాడి పేరు చదివాను.

బయటికి ఆ పేరు పలకడం అదే మొదటిసారి. ఎక్కడా ఆగకుండా కింది పేరుకు పోయాను.  గోడవైపు తిరిగి పడుకున్న మా ఆయన లేచి కూర్చున్నాడు.

వాక్యంలో లేని మాట కలిపాను. అత్తమ్మ ఊరుకోదని తెలుసు. అధ్యాయం చివరిదాకా తల ఎత్తలేదు. చదవడం ఆపి, తిట్లకు సిద్ధపడి చూశాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. చెంపలు తడిసిపోయాయి.

"ఒక్క దినమన్న ఎనక్కి పోనియ్యలే నిన్ను" అంది. "ఇయ్యాల పో బిడ్డా. గా పేరు కాడికెళ్ళి మల్లొకసారి సదువు."