కొమురయ్య కొక్కెం

వరంగల్‌లోని ఆ కొవిడ్ వార్డులో నేను డ్యూటీకి రిపోర్టు చేసిన రోజు, పొద్దున ఆరింటికే ఎండ చురుక్కుమంది. మే నెల, రెండో వేవ్. వార్డు మూడో అంతస్తులో. లిఫ్టు పనిచేయదు, ర్యాంపే దారి. మాస్కు మీద మాస్కు, రెండు జతల గ్లౌజులు. సైన్యంలో పదిహేడేళ్లు నర్సింగ్ అసిస్టెంటుగా చేసినవాణ్ని. రిటైరై వచ్చాక, ఇక్కడ మనుషులు చాలడం లేదంటే మళ్లీ డ్యూటీ ఎక్కాను. సరిహద్దులో శత్రువు ఎటునుంచి వస్తాడో కొంచెమైనా తెలిసేది. ఇక్కడ అదీ లేదు.

ఆ రోజే కొమురయ్య వచ్చాడు. కేసముద్రం మార్కెట్ యార్డులో హమాలీ. నలభై కూడా లేవు. తన కాళ్ల మీదే నడిచి వచ్చాడు. నడుముకు బస్తాలు లాగే ఇనుప కొక్కెం.

"ఆయుధాలు లోపలికి రానియ్యం తమ్మీ. డిపాజిట్ చెయ్యి" అన్నాను.

"క్వింటా బస్తా ఎత్తేటోన్ని సారూ. ఈ దగ్గు నన్నేం జేస్తది?" నవ్వుతూ కొక్కేన్ని భార్య స్వరూప చేతిలో పెట్టాడు. "జర పైలం. మల్లొచ్చి తీస్కుంట."

అతని పక్క మంచం మీద మట్టెవాడ బట్టల దుకాణం వాళ్ల అమ్మ. డెబ్బై దాటింది, ఏనాటి నుంచో షుగరు. ఈమె దక్కదనే అనుకున్నాం. ఆమె పెట్టింది తిని, ఇచ్చింది మింగి, మా మీదే పెత్తనం చేసేది. కుంగిపోయింది మాత్రం కొమురయ్య. ఆక్సిజన్ పెంచినా ఆయాసం తగ్గలేదు. ఇదేం న్యాయమని నాకు ఒళ్లు మండింది.

రక్తం రిపోర్టు వచ్చింది. ఎన్నడూ షుగరు లేనివాడికి నాలుగు వందలు దాటింది. డ్యూటీ డాక్టరమ్మ వాకీటాకీలో చెప్పింది. "వైరస్ ఒకటే, ఒక్కో ఒళ్లు ఒక్కో తీరు. రోగంతోనే ఈయన రక్తంలో చక్కెర పెరిగింది. ఊపిరి కోసం ఇస్తున్న స్టెరాయిడ్ ఇంకా పెంచుతుంది. అది ఆపలేం. ఇన్సులిన్ పెంచండి. ఓవర్."

పెంచాం. షుగరు దిగలేదు.

మరునాడు అతని తలగడ పక్కనున్న సీసా తీస్తే గ్లౌజు వేళ్లు అతుక్కున్నాయి.

"ఇదేంది?"

"గ్లూకోజు నీళ్లు సారూ. జీవానికి. మా ఆమె పంపుతాంది."

యార్డులో ఎండకు సోలిన హమాలీకి అదే మందు. అన్నం డబ్బాతో పాటు రోజూ వస్తోంది. మంచినీళ్లనుకొని మేమే పైకి మోశాం.

కిందికి దిగాను. గేటు బయట స్వరూప ఇంకో సీసాతో నిలబడి ఉంది.

"ఇగ ఇది బంద్ చెయ్యి చెల్లె."

"ఎందుకు? పెయ్యిల జీవం లేదంటాండు. మీరు సూదులు పొడుసుడే గని మనిషిని తాగనియ్యరా?"

ఆమె కోపం తప్పు కాదు. డాక్టర్ల భాష పక్కన పెట్టాను.

"యార్డు నిండ బస్తాలున్నయి. మోసే హమాలీలు లేరు. ఇంక లారీలు తోల్తె ఏమైతది?"

"యాడియి ఆడనే ఆగుతయి."

"ఆయన నెత్తుర్ల గట్లనే ఉంది. చక్కెర నిండింది, కండలకు చేరుతలేదు. మేమిచ్చే సూదే హమాలీ. దాన్ని పని చెయ్యనియ్యి."

స్వరూప సీసా వంచి చివరి చుక్క దాకా మట్టిలో పోసింది.

"మరి నేనేం పంపాలె? ఊకె కూసోమంటవా?"

"మజ్జిగ పంపు. ఉప్పేసి."

ఆనాటి నుంచి గేటులో ప్రతి సీసా మూత తీయించాను. సంచెడు గ్లూకోజు పొట్లాలు పట్టుకున్నాను. నన్ను తిట్టనివాళ్లు లేరు. తిట్టుకోండి, పోనివ్వను అన్నాను. మెల్లగా షుగరు దారికొచ్చింది. ఊపిరితిత్తుల పోరు అలాగే ఉంది. ఒక దశలో డాక్టరమ్మ వెంటిలేటర్ సిద్ధం చేయమంది.

"బోర్ల పండు తమ్మీ, ఊపిరి మంచిగ అందుతది."

"పంటున్న. నేనింక ఓడలే సారూ."

దుకాణం వాళ్లమ్మ ఇంటికి పోతూ అతని మంచం దగ్గర ఆగింది. "ముసల్దాన్ని, నేనే ఇంటికి పోతాన. నా ఎనకనే రావాలె బిడ్డా."

వెంటిలేటర్ అవసరం పడలేదు. అతన్ని పంపించిన రోజే నా డ్యూటీ కూడా ముగిసింది. చక్రాల కుర్చీ వద్దని, ర్యాంపు గోడ పట్టుకొని అతను ముందు, వెనక నేను. భుజాల మీద చొక్కా వేలాడుతోంది. గేటు దగ్గర భార్యను బాగున్నావా అని కూడా అడగలేదు. చెయ్యి చాచాడు.

"నా కొక్కెం ఏది?"

స్వరూప కొంగుముడి విప్పి తీసింది. అందుకుంటే అతని చెయ్యి గడగడా వణికింది. ఆమె కింద చెయ్యి పెట్టబోతే తల అడ్డంగా ఊపాడు.

సైన్యంలో ఏం చూశావని మా ఇంట్లో అడుగుతుంటారు. మంచు కొండల గురించి చెప్తాను. కళ్లు మూస్తే మాత్రం ఆ చెయ్యే కనిపిస్తుంది. వణుకు ఆగలేదు. కొక్కెం కింద పడలేదు.